తెల్లచీటీ సీసా

మద్రాసులో మా చూలై పేట మొత్తం వెతికినా తాయారమ్మంత బలం మగవాళ్ళలో కూడా దొరకదు. ఇంట్లోకి దొంగ చొరబడితే రుబ్బురోలును ఒంటి చేత్తో ఎత్తి వాడి మీదికి పోయింది. వాడు గోడ దూకి, రాయపురంలో సముద్రం అడ్డం వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఇది నేను కళ్ళారా చూశాను.

అంత బలశాలీ ఆ ఉదయం మంచంపట్టె పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి కూతురి భుజం పట్టుకుని లేచింది. మద్రాసు ఎవరికి దక్కుతుందని వీధివీధినా వాదులాడుకునే రోజులవి. తాయారమ్మ ఇంటికి ముందు భర్త మునిరత్నం కాగితాల అంగడి, వెనక బావి, నడుమ ఎండ ఎరగని గదులు. ఆ గదుల్లోనే ఆమె వయసంతా గడిచింది. సరే, దాచి ఏం లాభం? ఆమె ఎత్తింది రోలు కాదు, అప్పడాల కర్ర. వచ్చింది దొంగ కాదు, పిల్లి. నేను చూడనూ లేదు. ఆ ఏడైతే ఆ కర్ర ఎత్తడం కూడా ఆమెకు గగనంగా ఉండేది.

"నోరు తెరువుమ్మా" అంది బాలసరస్వతి, సీసాలోంచి చెంచాలోకి నూనె వంచి.

"ఉండవే, ముక్కు మూసుకోనీ."

గడపలో నిలబడి చూస్తున్న మేనత్త కమలాంబ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "తాగినాక నేరుగా బావికాడికి పో తాయారూ. తలకు పోసుకోకుండా నా వంటింట్లో అడుగు పెట్టేది లేదు. ఈ కొంపలో ఏనాడన్నా నీచు వాసన ఎరుగుదుమా?"

"పోతా వదినె. నీళ్ళకేం కరువులే."

"చేప తాగమని నేను చెప్పినానా? నీ కూతురు చెప్పింది."

"నా కూతురు విషమిచ్చినా తాగేదాన్నే. డాక్టరమ్మ గదా, కొలత తప్పకుండా ఇస్తాది."

తాయారమ్మ గుటక వేసి, చెంపలు వేసుకుని, గోడ పట్టుకుని పెరట్లోకి పోయింది. ఎన్నాళ్ళుగానో ఇదే వరస. బాల నవ్వలేకపోయింది. ఎందుకంటే ఆ సీసాలో చేప లేదు.

బాల హౌస్ సర్జన్‌గా పనిచేసే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు భక్తవత్సలం, ఎండ తగలక ఎముకల్లో సున్నం తగ్గి వంగిపోయే ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడు. నొప్పులు కొద్దిగా ఉన్నవాళ్ళను రెండు జట్లు చేశాడు. ఎర్రచీటీ సీసాలో చేపనూనె. తెల్లచీటీ సీసాలో వేరుసెనగ నూనె, వాసనకు ఏదో మందు కలిపింది. రెండూ పోల్చి చూస్తే తప్ప మందు పనిచేసిందో లేదో తేలదు. ఏది ఏదో సీసాలు నింపే బాలకే తెలుసు. "ఎవరికైనా నొప్పి ముదిరితే ఆ రోజే నాకు చెప్పు. వాళ్ళకు అసలు మందు ఇచ్చేద్దాం" అని ఆయన మొదటే అన్నాడు.

జట్టులో ఒకరు తక్కువైతే బాల తన తల్లిని చేర్చింది. తల్లి అని చెప్పలేదు. చీట్లు వేస్తే తెల్లది పడింది. తల్లి నడక మారింది, మెట్టు ఎక్కడం మానేసింది. వారం వారం ఆయన అడిగితే బాల "ఉన్నట్టే ఉంది సార్" అంటూ వచ్చింది. ఒకరు తగ్గితే లెక్క నిలవదు. లెక్క నిలిస్తే వైద్య పత్రికలో ఆయన పేరు పక్కన తన పేరు అచ్చవుతుంది. ఆ సంగతి మునిరత్నం దస్తా కాగితం కొనేవాడికీ, పెన్సిలు ముక్క కొనేవాడికీ చెప్పేశాడు.

"ఈ పొద్దు సార్‌తో చెప్పేస్తా" అనుకుని బాల చెప్పులు వేసుకుంది. రోజూ అలాగే అనుకునేది. పెరట్లో చెంబు బండ మీద పడి దొర్లింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తాయారమ్మ పెద్దగా జారలేదు, పాచిబండ మీద కూలబడిందంతే. తుంటి ఎముక ఎండుపుల్లలా విరిగింది.

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు భక్తవత్సలం. "ఇది ఎముకేనా? నానిన అప్పడంలా ఉంది. ఎవరీమె?"

"మన తెల్లచీటీలో ఉన్నామె సార్."

"ఈ స్థితిలోనా? మొన్ననేగా ఉన్నట్టే ఉందన్నావు."

"అబద్ధం చెప్పాను సార్."

ఆయన ఫిల్ము దించాడు. కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది ముఖంలో. "ఇంట్లోవాళ్ళకు ఎవరు చెప్తారు?"

"నేనే సార్. మా అమ్మ."

ఆయన ఫిల్మును బల్ల మీద బోర్లించాడు. "సీసాలు నింపే మనిషినే నొప్పి ఎలా ఉందని అడగకూడదని నాకు తోచలేదు. అది నా తప్పు. ఈ పొద్దే అందరికీ ఎర్రచీటీ ఇచ్చెయ్. అచ్చూ వద్దు, ఏమీ వద్దు. మీ అమ్మకు మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

మేకు కొట్టినా ఆ ఎముక పట్టదని, కాలికి బద్దలు కట్టి ఇంటికి పంపారు. మంచం పక్కన కమలాంబ కూర్చుని మొదలుపెట్టింది. "నీచు తాగిన పాపం ఊరికే పోతాదా? నేను ఆ పొద్దే చెప్పినా."

"చేప కాదత్తా" అంది బాల.

"మరేంది?"

"వేరుసెనగ నూనె. అమ్మకు అసలు మందు ఇయ్యలేదు. నాకు తెలుసు. తెలిసే పోసినా."

మిగిలినదంతా నిలబడే చెప్పింది. కమలాంబ చేతులు ఒడిలో వాలిపోయాయి. బావికి తరిమింది ఎవరో ఆమెకిప్పుడు తట్టింది. అంగడి గుమ్మంలోంచి మునిరత్నం లోపలికి వచ్చాడు. "పేరు అచ్చవతాందని ఊరంతా చెప్పుకున్నానే పాపా. దానికేనా నువ్వు నోరు కట్టుకున్నేది?"

బాల తలవంచుకుంది. అందరూ తాయారమ్మ వైపు చూశారు.

"అయితే నేను చేప తాగలేదన్నమాట" అంది తాయారమ్మ. మంచం కిర్రుమనేలా నవ్వింది. "పెరుమాళ్ళకు అన్ని చెంపలేసుకున్నేది వేరుసెనగ నూనెకా?"

నవ్వు ఆగాక కూతురి చేతిలోకి చూసింది. "అదేంది?"

"ఎర్రచీటీ సీసామ్మా."

"దీంట్లో నిజంగానే చేప ఉండాదా?"

"ఉండాది."

"తాగితే లేస్తానా?"

ఉన్నట్టే ఉంది అనడం బాలకు బాగా అలవాటు. ఈసారి ఆ మాట నోటికి రాలేదు. "తెలీదమ్మా. లేవకపోవచ్చు. నొప్పి తగ్గుతాదేమో."

తాయారమ్మ నోరు తెరిచింది. ముక్కు మూసుకోలేదు. కమలాంబ తన కొంగుతోనే ఆమె మూతి తుడిచింది. బావి మాట ఎత్తలేదు. బాల అప్పుడు ఏడ్చింది.

పిల్లి సంగతి ముందే ఒప్పుకున్నాను. ఇంకొకటి మిగిలింది. ఆ నవ్వు నేను కల్పించాను, కథ వినేవాళ్ళ గుండె కాస్త తేలికపడుతుందని. తాయారమ్మ చేప తాగలేదన్న మాట ఒక్కటే అని ముఖం గోడవైపు తిప్పుకుంది. పొద్దు వాలేదాకా ఇటు తిరగలేదు. కూతురు చెంచా పట్టుకుని అక్కడే నిలబడింది. మళ్ళీ తాయారమ్మ లేచి నడిచింది కూడా లేదు. కానీ ఇటు తిరిగాక, అది చేపేనని తెలిసి, ఆ కూతురి చేతి ముందే నోరు తెరిచింది చూశారూ, అది మాత్రం నా కల్పన కాదు.