రెండూ ఎడమ చేతులే

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టి కుట్టు తరగతిలో చేరినవాళ్లకు ఏం వస్తుందో నాన్న కాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చాడు. ‘చొక్కా కత్తిరించడం తెలుస్తుంది.’ కూతురు చదివి, ఎర్ర పెన్నుతో ‘తెలుస్తుంది’ అన్న మాటను కొట్టేసింది.

“నా మాటే కొట్టేస్తావా?”

“తెలిసిందో లేదో నాకెలా కనిపిస్తుంది నాన్నా? కంటికి కనిపించే పని రాయాలి. ‘కొలతలు చూసి చొక్కా చేతులు కత్తిరిస్తుంది’ అని.”

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. శిక్షణ కేంద్రంలో పాఠాల ప్రణాళిక తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఇరవై మంది ఆడవాళ్లకు ఎనిమిది వారాల కుట్టు తరగతి సోమవారం మొదలవ్వాలి. చెప్పాల్సింది దర్జీ పని చేసే నాన్న. వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. ఆయన పద్ధతి ఒకటే. ఆరు నెలలు చూడాలి, కాజాలు కుట్టాలి, ఆ తర్వాతే కత్తెర. కిందటిసారి ఇంటికొచ్చి చేరిన పన్నెండు మందిలో కత్తెర దాకా మిగిలింది ముగ్గురు. కూతురి ప్రణాళికలో మాత్రం మొదటిరోజే కత్తెర.

“మొదటిరోజే కత్తెరా! ఇంక నయం, పుట్టగానే పరుగెత్తమనలేదు,” అన్నాడు నాన్న. “ఆ కాగితం పట్టుకుని నేను రాను. నువ్వే చెప్పుకో పంతులమ్మా.”

“ఎప్పుడూ కత్తెర పట్టని మనిషి మీద ఒకసారి పరీక్షిద్దాం. కుదరకపోతే నేనే చింపేస్తాను.”

“ఎవరు దొరుకుతారు నీకు?”

“నేనున్నాగా,” అంది అమ్మ, తడిచేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోంచి.

“నువ్వా!” నాన్న పకపకా నవ్వాడు.

“నేనే. ఇరవై నాలుగేళ్లుగా మీరు కత్తిరిస్తుంటే చూస్తున్నాను. ఇంకా ఎన్నాళ్లు చూడాలో చెప్పండి, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాను.”

కూతురు పాత పువ్వుల దుప్పటి పరిచి, తన కాగితంలోని మెట్లు ఒక్కొక్కటీ చదివింది. అమ్మ చొక్కా చేతి కాగితం నమూనాను గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి, మొదటి చెయ్యి కత్తిరించింది. నమూనా పక్కకు జరిపి రెండోదీ కత్తిరించింది. అంచు ఎక్కడా వంకరపోలేదు.

నాన్న రెండు ముక్కలూ ఎత్తి చూశాడు. “రెండూ ఎడమ చేతులే! రెండు ఎడమ చేతులున్న మనిషెవడైనా ఉంటే పట్టుకురండి, తొడుగుదాం.”

అమ్మ ముఖం చిన్నబోయింది. కూతురికి చెవులు వేడెక్కాయి.

“తప్పు అమ్మది కాదు, నాది. రెండో చేతికి నమూనా తిరగేయాలని నేను రాయలేదు. నేను చదివిందే అమ్మ చేసింది. ఇవాళే దొరికింది కాబట్టి సరిపోయింది. మీ పద్ధతిలో ఇది దొరకడానికి ఆరు నెలలు పట్టేది. మీరు రాకపోయినా ఈ తరగతి ఆగదు నాన్నా. అమ్మ చెబుతుంది.”

“ఈ ఎడమ చేతుల మాస్టారా?”

“అవును,” అంది అమ్మ తల దించకుండా. “ఈ తప్పు ఎలా జరుగుతుందో మీరు మరిచిపోయారు. నాకు బాగా గుర్తుంటుంది.”

నాన్న చేతిలోని ముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు.

“మరిచిపోలేదు,” అన్నాడు చివరికి. “నేను మొదట కత్తిరించినవీ రెండూ ఎడమవే. మా గురువు అందరి ముందూ ఆ గుడ్డ నా మొహాన కొట్టాడు. ఏడాదిపాటు కత్తెర ముట్టనివ్వలేదు. నేర్పడమంటే అదే అనుకున్నా.” చెమర్చిన కళ్లతో ఆయన అమ్మవైపు తిరిగాడు. “నీకు రాదని కాదే కత్తెర ఇవ్వనిది. నువ్వు పాడుచేస్తే నేనూ అలాగే కొడతానేమోనని.”

“కొట్టి చూడాల్సింది. నేనూ తిరిగి కొట్టేదాన్ని,” అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూనే.

నాన్నకు నవ్వొచ్చింది. మిగిలిన దుప్పటిని పూలవైపు లోపలికి వచ్చేలా మడిచాడు.

“రాసుకో పంతులమ్మా. గుడ్డ మంచివైపులు ఎదురెదురుగా మడిచి, రెండు చేతులూ ఒకేసారి కత్తిరించాలి. అప్పుడు ఒకటి ఎడమ, ఒకటి కుడి వస్తాయి. సోమవారం నేనూ వస్తాను. కానీ చేతుల పాఠం మీ అమ్మ చెప్పాలి.”

రాస్తున్న కూతురికి అక్షరాలు మసకబారాయి.

“మరి ఈ దుప్పటి అయిపోతే?” అడిగింది అమ్మ కత్తెర అందుకుంటూ.

“మంచం మీద ఇంకోటుంది, లాక్కురా,” అన్నాడు నాన్న.