మాడబోతోంది, దించండి

ఆ రోజు తెల్లవారిందో లేదో తెలియనివ్వకుండా ఆకాశం మబ్బు కప్పుకుని పడుకుంది. వాన కురవదు, ఎండ రానివ్వదు. వంటింటి వెనక గది మసకమసకగా ఉంది. అందులోని బల్బు మాడిపోయి చాలా రోజులైంది. రేపు మారుస్తానంటూనే ఉన్నాడు ఎరల మేస్త్రి. కిటికీ అద్దాల రెక్కలు బిగించి, గడియ పెట్టి, పొయ్యి ముందుకి వచ్చాడు.

చేపలు పట్టేవాళ్ళంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పాలలా ఉండే ప్లాస్టిక్ ద్రవాన్ని గిన్నెలో కాచి, రంగు కలిపి అచ్చుల్లో పోస్తాడు. చల్లారాక తీస్తే వానపాములు, చేపపిల్లలు, తోకాడించే తొండలు. వేలితో నొక్కితే ప్రాణమున్నట్టు మెత్తగా వంగుతాయి. కిటికీ తెరిస్తే గాలికి అచ్చు చల్లబడి ఎర ఒళ్ళు ముడతలు పడుతుందని ఆయన పట్టుదల.

కిటుకంతా కాచడంలోనే ఉంది. ద్రవం ముందు గడ్డకడుతుంది, తరవాత తేనెలా జారుగా అవుతుంది. సరిగ్గా అప్పుడే పోయాలి. ఏమరితే మాడి, పచ్చబడి, ఘాటుగా పొగ చిమ్ముతుంది. ఆ అదును కనిపెట్టేది ఆయన కాదు, భార్య. పొయ్యి పక్కన పీట వేసుకుని, తయారైన ఎరల అంచులు కత్తెరతో సరిచేస్తూ, "మాడబోతోంది, దించండి" అంటుంది. ఆయన దించుతాడు. "థర్మామీటర్ ఎందుకయ్యా, మా ఆవిడ ముక్కుండగా!" అని సామాన్ల కొట్లో నలుగురి ముందూ గొప్పలు పోయేవాడు.

ఆ పొద్దున కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏమే, పాలు పాడైతే చూసుకోవా? మొన్న చేప చూస్తే నీచు, ఇవాళ ఇదీ! ధ్యాస ఎక్కడ పెట్టుకుంటున్నావు?"

"ముసలిదాన్నవుతున్నాను కదండీ. మీరొక్కరే కుర్రాడిలా మిగిలారు."

"ఆ ఎత్తిపొడుపులకేం తక్కువ లేదు. రా, వచ్చి కూర్చో."

ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి పీట మీద కూర్చుంది. ఆయన మాస్క్ బిగించుకుని పొయ్యి వెలిగించాడు. గిన్నె కాగుతూంటే అటు తిరిగి అచ్చులు తుడవసాగాడు. చెవి మాత్రం ఆమె మాట కోసం కాచుకునే ఉంది. ఆ మాట రాలేదు.

వెనక్కి తిరిగేసరికి గిన్నెలోది ఆముదంలా పచ్చబడి సుళ్ళు తిరుగుతోంది. గబుక్కున పొయ్యి ఆర్పాడు.

"నిద్రపోతున్నావా! గిన్నెడు సరుకు తగలబడింది. ఆ ఒక్క మాట చెప్పడానికి కూడా బద్ధకమేనా?"

ఆమె పొగ మధ్యలో కళ్ళు నీళ్ళు కారుతున్నా కదలకుండా, గిన్నె వైపు మెడ చాచి, పక్క గదిలో ఎవరో మాట్లాడుతుంటే వినబడక చెవి ఒగ్గినదానిలా కూర్చుని ఉంది.

వీధి తలుపు తోసుకుని కూతురు వచ్చింది. బడి బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపి, మళ్ళీ ఎక్కించుకునేలోగా ఇంటికొచ్చి ఇంత తిని వెళుతుంటుంది.

"నాన్నా, వీధి మలుపు దాకా కంపు!" కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ రెక్కలు భళ్ళున తెరిచింది. తల్లిని చూసి ఆగిపోయింది. "అమ్మా, ఇందులో ఎలా కూర్చున్నావే?"

"మరీ అంత ఘాటుగా ఉందా?" అంది తల్లి మెల్లగా. అని, నాలుక కరుచుకుంది.

కూతురు అల్మారాలోంచి ఒక సీసా తీసింది. చేపలు ఇష్టపడతాయని ఎరల్లో కలిపే నూనె అది. మూత తీసి తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

"కళ్ళు మూసుకో. ఏంటో చెప్పు."

"ఇదేం పరీక్షే? సోంపు."

"వెల్లుల్లమ్మా." కూతురు సీసా మూత బిగించింది. "ఎన్నాళ్ళ నుంచి?"

ఆమె కత్తెర పక్కన పెట్టింది. "చలికాలం ముందు నుంచే. మొదట పూలు తెలియలేదు, తరవాత ఏదీ తెలియలేదు."

"మరి ఇన్నాళ్ళూ నాకు..." మేస్త్రి మాడిన గిన్నె వైపు చూశాడు.

"పొగ లేచే తీరు చూసి చెప్పేదాన్ని. ఇవాళ మబ్బు, పైగా గదిలో దీపం లేదు. కనబడలేదండీ."

"చెప్పొచ్చుగా నాతో!"

"చెబితే ఏం చేస్తారు? థర్మామీటర్ కొనుక్కుంటారు." ఆమె పీట వైపు చూసింది. "ఇంకెందుకు పిలుస్తారు నన్నిక్కడికి?"

కూతురు తండ్రి వైపు తిరిగింది.

"ఒక్కటి చెప్పు నాన్నా. నీకు మాస్కుంది. అమ్మకేది?"

ఆయన చెయ్యి దానంతటదే మొహం మీదికి వెళ్ళింది. మాస్క్ ఇంకా అక్కడే ఉంది. కొన్న కొత్తలో ఆమె అడిగింది, నాకూ ఒకటి తేకూడదూ అని. 'నువ్వూ మూసుకుంటే వాసన ఎవరు పడతారే' అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అది సరసమనుకున్నాడు ఇన్నాళ్ళూ. మొన్న పళ్ళెం తోసేసి, నీ నాలుక చచ్చిందా అన్నప్పుడు ఆమె కిందపడిన మెతుకులు ఏరుకుంది తప్ప ఎదురు చెప్పలేదు. అదీ గుర్తొచ్చింది. మాస్క్ లాగేశాడు. లోపలికి పోయిన పొగకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆమె లేచి వీపు రాయబోయింది.

"వద్దే," అన్నాడు. "నన్ను దగ్గనీ."

తరవాత ఆయన పొయ్యినీ అచ్చుల్నీ ఒక్కొక్కటే పెరట్లోని రేకుల చావిట్లోకి మోశాడు. సాయం వస్తానన్న ఆమెను రానివ్వలేదు. చివరికి పీట మిగిలింది. దాన్ని ఎత్తి, ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు నిలబడ్డాడు. ఆమె గుమ్మంలోంచి చూస్తోంది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు తల ఎత్తకుండా. "తిరిగొస్తుందో రాదో ఆయనే చెప్పాలి. పనికి మాత్రం థర్మామీటర్ కొంటాను." పీటను చావిడి బయట, గాలి తగిలే చోట, తనకు ఎదురుగా కనబడేట్టు వేశాడు. "నువ్వు ఇక్కడ కూర్చో. చెప్పేదేమీ లేకపోయినా."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కూతురే అన్నం వండి, చేప వేయించింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమె ఎప్పటిలాగే కలుపుకుని, ఎప్పటిలాగే నమిలి మింగుతోంది. అలా ఎన్ని పూటలు మింగిందో ఆయన ఏనాడూ చూడలేదు.

ఎడమ చేత్తో తన ముక్కు గట్టిగా మూసుకుని ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది, నాలుక మీద కాస్త ఉప్పు. అంతే. చేపో, గుడ్డో, రబ్బరో పోల్చుకోలేకపోయాడు. ముక్కు వదలకుండానే ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళు నిండాయి.

కూతురు తల వంచుకుంది. ఆమె మాత్రం ఆయన్నే చూస్తూ, చెయ్యి చాచి, ముక్కు మీది వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. ఆ చేతిని బల్ల మీదికి దించి, తన చేతి కిందే ఉంచుకుంది.