కిటికీ కోసం వదిలిన జాగ

ఆ రోజు ఇంట్లో అవ్వ, అమ్మ, నాయిన, ఆమని అక్క, నేను ఉన్నాం. నాయినకు మేడ్చల్ ఫ్యాక్టరీలో సెలవు. అక్క అప్పుడే కిటికీ కింద కుట్టుమిషన్ ముందు కూర్చుంది. నేను నోట్లో బ్రష్‌తో గడపలో నిలబడ్డాను.

"ఎవలు తుడిచిండ్రు మా గీతలు?" అని బయట కేక.

కేక వేసింది వంశీ బావ. పక్క జాగ వాళ్ళదే. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు కిరాయికి ఇవ్వడానికి అందులో రూములు కట్టాలనుకున్నారు. ముందు రోజు సాయంత్రం మేస్త్రి వచ్చి పునాదికి సున్నంతో గీతలు పోసి వెళ్ళాడు. మా వైపు గీత అచ్చంగా మా గోడను ఆనుకుని ఉంది. పొద్దున్నే అక్క రోజూలాగే ఇంటి చుట్టూ సాన్పి చల్లింది. ఆ పేడనీళ్ళ కింద గీత మాయమైంది.

అక్క బయటికి వచ్చింది.

"నేనే. రోజు జల్లే కాడనే జల్లిన. నీ గీత నా బకెట్ కిందికి ఎందుకొచ్చింది బావా?"

"అది మా జాగ!"

"మీదే. కాదన్ననా? గోడ తెచ్చి మా కిటికీకి ఆనిస్తవా మరి?"

"ఒక్క కిటికీ కోసం నా రూముల వరస పోవాల్నా?"

"ఆ కిటికీ కాడనే నా మిషన్ ఉంది. ఊరోళ్ళ జాకెట్లన్ని ఆ ఎలుగులనే కుడతున్న. చీకట్ల సూదిల దారం నువ్వొచ్చి ఎక్కిస్తవా?"

బావ ఒక అడుగు దగ్గరికి వేశాడు. అక్క వైపు చూశాడు. గొంతు తగ్గించి, "రోజు రావాల్నా?" అన్నాడు.

అక్క చెవులు ఎర్రబడ్డాయి. నాకు నవ్వొచ్చి బ్రష్ నురగంతా గౌను మీద పడింది.

కానీ గీత మళ్ళీ అక్కడే పోస్తారని మాకు తెలుసు. అక్క పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. పక్కింటి వైపు జాగ వదిలితేనే ఇల్లు కట్టడానికి పర్మిషన్ ఇస్తారట. గ్రామసభలో ఆ మాటే చెప్పింది.

వంశీ బావ వాళ్ళ నాయిన సుధాకర్ మామ లేచాడు.

"రూల్ మాట్లాడెటోళ్ళు ముందుగాల తమ అరుగు సూస్కోవాలె. దారి మీదికొచ్చి కూసుంది. మా ఇటుకల లారీ తిరుగుతలేదు."

నాయిన తల వంచుకున్నాడు. అవ్వ కూర్చోవడానికని నాయినే కట్టిన అరుగు అది. అందరూ మా వైపే చూస్తున్నారు. నేను అక్క చున్నీ పట్టుకున్నాను. అక్క నా వేళ్ళు మెల్లగా విడిపించి లేచింది.

"నిజమే మామా. అరుగు దారి మీదికొచ్చింది. మేం తీసేస్తం. మీరు కిటికీ పక్కన జాగ ఇడువుండ్రి. రూల్ ఇద్దరికి ఒక్కటే ఉండాలె."

"మాటంటే గిది! ఏమంటవ్ సుధాకర్?" అంది సర్పంచ్ తారాబాయి.

"ముందుగాల అరుగు తియ్యనీ, సూద్దాం."

క్లాసులో పేరు పిలిస్తే పలకడానికే నాకు గొంతు రాదు. ఆ రోజు మాత్రం, ఈమె మా అక్క అని అందరికీ అరిచి చెప్పాలనిపించింది.

తెల్లారి అక్క గడ్డపార పట్టుకుంది. అవ్వ చివరిసారి అరుగు మీద కూర్చుని, చేత్తో నిమిరి లేచింది.

"కొట్టు బిడ్డా."

ఒక రాయి ఊడేసరికి వంశీ బావ సున్నం బకెట్‌తో వచ్చాడు.

"గడ్డపార నాకియ్యి."

"వద్దు. ఇది మా ఇంటి పని."

"సరే, బదులు జేసుకుందాం. గిది నేను కొడత. గీత నువ్వు పొయ్యి. నువ్వేడ పోస్తే ఆడనే మా గోడ."

వెనకాల సుధాకర్ మామ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. గీత వాళ్ళ జాగలోకి ఎంత లోపలికి పోసినా అడిగేవాళ్ళు లేరు. అక్క మాత్రం కొలత టేపు అడిగి తీసుకుంది. ఒక కొస నాకిచ్చింది. రూల్ ఎంత చెప్పిందో అంతే కొలిచి, అక్కడే పోసింది. జానెడు కూడా ఎక్కువ తీసుకోలేదు.

"ఇంక జర లోపలికి పోస్తే నేనేమన్న అంటనా?" అన్నాడు బావ.

"నీ రూములు చిన్నగైతయ్ గద బావా."

బావ చేతిలో గడ్డపార ఆగిపోయింది. సుధాకర్ మామ గొంతు సవరించుకున్నాడు.

"గీ పిల్ల మనింట్ల ఉంటే ఇగ ఏ పంచాయితీ రాదురా," అని కొడుకుతో చెప్పి, మా నాయినను కేకేశాడు. "బావా, ఇంట్ల చాయ్ ఉందా?"

వానాకాలం వచ్చేసరికి రూములు లేచాయి. మధ్యలో వదిలిన జాగలో అక్క బంతి నారు పెట్టింది. అక్క పెళ్ళికి మంచి మాట అనుకోవడానికి సుధాకర్ మామ వాళ్ళు మా ఇంటికి వచ్చిన రోజు సన్నగా వాన. పెద్దలంతా ముందు గదిలో కూర్చున్నారు. కొత్త లంగా ఓణీలో నేను అక్క గది గడపలో కాపలా ఉన్నాను.

కిటికీ అవతల గొడుగు కనిపించింది.

"సూదిల దారం ఎక్కియ్యనీకొచ్చిన," అన్నాడు వంశీ బావ.

అక్క సూది తీసింది. నేను ఇంకో అడుగు లోపలికి వేశాను. అక్క లేచి నా దగ్గరికి వచ్చి, నా చెంప గిల్లింది.

"నీకు రేపు పరీక్ష లేదా? పో, సదువుకో."

నవ్వుతూ నా మొహం మీదే తలుపు వేసింది.