పూటకో లీటరు

పాలు ఇత్తడి చెంబులో పడే చప్పుడు మధ్యలో మారుతుంది. మొదట అడుగుకు తగిలి టంగుమంటుంది. నురగ లేచాక మెత్తబడుతుంది. ఆ మెత్తటి చప్పుడు వినిపించగానే వంటింట్లో ఉన్న సానికకు పొట్ట బిగుసుకుంది. ఇంకా తాగలేదు, వాసనైనా తగలలేదు. పొట్టకు ముందే తెలుసు.

తండ్రి జోతిరామ్ చెంబుతో కొట్టంలోంచి వచ్చి గడప మీద కూర్చున్నాడు. గేదె పొదుగు వేడి ఆరకముందే తాగాలి. కొల్హాపూర్ వైపు పహిల్వాన్లందరూ అలాగే తాగుతారు. నిండా లీటరు, కాచనివి, చక్కెర పడనివి.

“పట్టు,” అన్నాడు.

ఊపిరి బిగబట్టి సగం తాగి ఆగింది. చెంబు అడుగు కనబడేదాకా ఆయన గడప మీంచి లేవడని ఆమెకు తెలుసు. మిగతా సగమూ తాగింది. ఆయన చెంబు వంచి చూసుకుని, క్యాను భుజానికెత్తుకుని పాల సంఘానికి వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ ఇంకో లీటరు.

అరగంటకు కడుపు ఉబ్బుతుంది. గంటకు మెలిపెడుతుంది. ఆ వేళకు సానిక తాలీంఖానాలో ఉంటుంది. వస్తాదు దండీలు తీయిస్తుంటే పళ్ళు బిగించి తీస్తుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, యాభైమూడు కిలోల తరగతి. రాష్ట్ర జట్టుకు జిల్లా ఎంపికలు పదకొండు రోజుల్లో ఉన్నాయి. ఈ ఏడాది ఆడిన రెండు పోటీలూ ఓడిపోయింది. రెండోది సాంగ్లీలో. ఆ కుస్తీ ఎలా పోయిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రెండో భాగంలో కడుపు తిరగబడింది. ఇంకో నిమిషం ఆగితే మ్యాట్ మీదే పరువు పోయేది. అందుకని వీపు తనంతట తానే ఆనించేసి, రిఫరీ చెయ్యి ఎత్తీ ఎత్తకముందే మరుగుదొడ్డికి పరుగెత్తింది. బయటికొచ్చేసరికి తండ్రి గోడకానుకుని నిలబడి ఉన్నాడు. భయపడ్డావు, అన్నాడు. అవునంది. ఆ మాటే తేలిక.

జోతిరామ్ కూడా ఒకప్పుడు గోదాలో దిగినవాడే. చెరుకు కొట్టే కూలీ కొడుకు. తాలీంలో తోటివాళ్ళు పాలు, బాదం, మాంసం తింటుంటే ఈయన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ నూరుడు తిని కుస్తీ పట్టాడు. ఇరవైరెండో ఏట జాతర కుస్తీలో తనకంటే తక్కువవాడి చేతిలో ఓడిపోయాడు. వాడి ఒంట్లో పాలున్నాయి, నా ఒంట్లో లేవు, అని అప్పుడే లంగోటీ విప్పి మేకుకు తగిలించి మళ్ళీ తీయలేదు. సానిక పదమూడో ఏట కుస్తీ నేర్చుకుంటానన్నప్పుడు ఊరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. చంద్రి అనే గేదెను తోలుకొచ్చి, అది నీదన్నాడు. ఈనాటికీ జొన్నరొట్టె ఆయన కంచంలోనే ఉంటుంది. కూతురి కంచంలో పడనివ్వడు. అది ఓడిపోయినవాళ్ళ తిండి అంటాడు.

తల్లి హౌసా బతికున్నప్పుడు సంగతి వేరు. పాలు మొదలుపెట్టిన వారానికే ఆమె కూతురి ముఖం చూసి పట్టేసింది. ఒకరోజు ఇచ్చి చూసింది, ఒకరోజు మాన్పించి చూసింది. మొగుడికి చెప్పబోయి ఆగింది. అప్పటికే ఆయన ఆ చెంబు గురించి ఊరంతా చెప్పుకున్నాడు. అందుకని, పిల్లకు మీ ముందు తాగడం సిగ్గు, లోపల తాగిస్తానని చెంబు వంటింట్లోకి తీసుకుపోయేది. ఆయన అటు తిరగ్గానే ఆ లీటరు సంఘానికి వెళ్ళే క్యానులో పోసేది. క్యాను మోసుకెళ్ళేదీ తనే. సానికకు రాగి అంబలి, జొన్నరొట్టె, పెసలు, వేరుశనగ పచ్చడి, పలచటి మజ్జిగ. రోజూ ఒకటే కాదు. ఏం తింటే ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఏం తింటే బరువైంది, ఎప్పుడు చాలనిపించింది, అన్నీ అడిగేది. సానికకు ఆ అడగడం వల్లే తన ఒంటి మాట వినడం వచ్చింది. అయిదేళ్ళు అలా గడిచాయి. ఆ అయిదేళ్ళలో సానిక పదకొండు పోటీలు గెలిచింది. ప్రతి గెలుపుకూ జోతిరామ్ చంద్రి మెడలో దండ వేశాడు.

పోయిన వానాకాలం హౌసా కామెర్లతో పోయింది.

ఇప్పుడు చెంబు ఆయనే తెస్తాడు, ఆయనే గడప మీద కూర్చుంటాడు. నిజం చెప్పాలంటే తల్లి అయిదేళ్ళు అబద్ధమాడిందని చెప్పాలి. చచ్చిపోయిన మనిషి తిరిగి జవాబు చెప్పుకోలేదు. పైగా ఆయన రోజుకోసారైనా అంటాడు: హౌసా చేతి పాలు తాగినన్నాళ్ళూ గెలిచావు, అది ఒక్క చుక్క వదలనిచ్చేది కాదు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క తలపే. దాన్ని ఎలా లాక్కుంటుంది? సానిక నోరు విప్పలేదు. బరువు చూసుకునే మిషన్ మీద రోజూ నిలబడుతోంది. రోజూ కొంత తగ్గుతోంది. తగ్గిన కొద్దీ ఆయన సాయంత్రం పాలలో నెయ్యి కలిపాడు, బాదం నూరి కలిపాడు.

ఆ వారంలోనే ఆయన అక్క, అక్కాతాయి, పొరుగూరి నుంచి వచ్చింది. సానికకు మేనత్త. రెండు పూటలు చూసింది. మూడో పూట తమ్ముడు చెంబు తెస్తుంటే పిల్ల రంగు మారడం చూసి, దానికి పడట్లేదురా, రెండు రోజులు ఆపి చూడు, అని మెల్లిగా చెప్పింది. ఆయన వినిపించుకోలేదు.

“జోత్యా, గేదె కుడితి ముట్టకపోతే ఏం చేస్తావు?” అంది.

“దాణా మారుస్తాను.”

“మూతి పట్టుకుని గొంతులో పోస్తావా?”

“పోస్తే చస్తుంది.”

“మరి కూతురు గేదెపాటి చెయ్యదా?”

ఆయన ముఖం నల్లబడింది. గేదె ఎంపికలకు వెళ్ళదు అన్నాడు. ఏడుగురు పిల్లల్ని పెంచిన నీకు కుస్తీ గురించి ఏం తెలుసన్నాడు. అక్కాతాయి, నాకు కుస్తీ తెలియదు కానీ కడుపునొప్పి తెలుసు అని, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ సానికతో, నీ నోట్లో నాలుక లేదా, నేనెంత అరిస్తే ఏం లాభం అంది. సానిక బస్సు మలుపు తిరిగేదాకా చూసి ఇంట్లోకొచ్చింది. ఇంట్లో మాట్లాడే మనిషి మళ్ళీ లేదు.

శనివారం భోజనాల దగ్గర జోతిరామ్ ఒక సంగతి చెప్పాడు. చంద్రిని అమ్మేస్తున్నాడు. పొద్దున పదింటికి బేరగాడు వస్తాడు. సంఘం చీటీల లెక్కన, హౌసా ఉన్నప్పటి ఈతలో పూటకు ఆరు లీటర్లు పోసిన గేదె ఈ ఈతలో అయిదే పోస్తోంది. పశువుల డాక్టరుకు చూపించాడు, పత్తిగింజల చెక్క పెంచాడు, ఉపయోగం లేదు. హౌసా మీద బెంగ పెట్టుకుందని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాడు. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాడు. ఇక ఆ పాలలో సత్తువ కూడా పోయినట్టుంది, అందుకే పిల్ల చిక్కిపోతోంది. ముర్రా గేదెను చూశాడు. చిక్కటి పాలు. సోమవారం నుంచి పూటకు లీటరున్నర తాగొచ్చు.

సానిక కంచం పక్కకు జరిపింది. లీటరున్నర అన్న మాట పొట్టలోనే వినబడింది.

తెల్లవారింది. చెంబు నిండింది. ఆయన గడప మీద కూర్చుని చెయ్యి చాపాడు. సానిక చెంబు అందుకుని, తాగకుండా, ఆయన పక్కనున్న క్యాను మూత తీసి అందులో వంచేసింది. నురగ క్యాను అంచుదాకా వచ్చి ఆగింది.

జోతిరామ్ లేచి నిలబడ్డాడు. “పిచ్చెక్కిందా?”

“చంద్రిని అమ్మొద్దు ఆబా. అది పాలు తగ్గించలేదు.”

“చీటీలు నేను చూస్తున్నాను. అప్పుడు ఆరు, ఇప్పుడు అయిదు.”

“అప్పుడూ ఆరే ఇచ్చింది, ఇప్పుడూ ఆరే ఇస్తోంది. ఆ ఆరో లీటరు ఇప్పుడు నా కడుపులోకి పోతోంది.”

ఆయనకు అర్థం కాలేదు. “అప్పుడెక్కడికి పోయింది?”

“క్యానులోకి. ఇప్పుడు నేను పోసినట్టే.”

ఆయన క్యాను వంక చూశాడు. అంచుదాకా నిండిన క్యాను. ఏడాదిగా అలా నిండిన క్యాను ఆయన చూడలేదు. చూస్తూ చూస్తూ ఏదో లెక్క కుదిరినట్టు ఆయన భుజాలు కిందికి జారాయి. మళ్ళీ వెంటనే గొంతు పెంచాడు. చచ్చిపోయినదాని మీద నింద వేస్తావా అన్నాడు. నీ చేతకానితనానికి అమ్మను అడ్డం పెట్టుకుంటావా అన్నాడు. హౌసా తనకు తెలియకుండా ఎన్నడూ ఏ పనీ చెయ్యలేదన్నాడు.

సానిక అప్పుడిక ఆగలేదు. గొంతు పెంచకుండానే అంతా చెప్పింది. మొదటి వారం వాంతుల దగ్గర నుంచి చెప్పింది. అంబలి గురించి, రొట్టె గురించి చెప్పింది. నువ్వు దండ వేసిన పదకొండు సార్లూ నా ఒంట్లో ఒక్క చుక్క పచ్చిపాలు లేవంది. సాంగ్లీలో తను భయపడలేదనీ, వీపు తనే ఆనించిందనీ, ఎందుకు ఆనించిందో కూడా చెప్పింది. పందొమ్మిదేళ్ళ పిల్ల తండ్రికి అలాంటి మాట చెప్పుకోవాల్సి రావడం సిగ్గే. చెప్పేసింది.

జోతిరామ్ మళ్ళీ గడప మీద కూర్చున్నాడు. కొట్టంలో చంద్రి నెమరేస్తున్న చప్పుడు వినబడుతోంది.

“ఎన్నాళ్ళు?” అన్నాడు చివరికి.

“అయిదేళ్ళు.”

“అయిదేళ్ళూ నా పక్కనే పడుకుంది. ఒక్క మాట అనలేదు.” క్యాను మూత పెట్టాడు. “నేనంటే అంత భయమా దానికి?”

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన ఆ మాట కోసమే చూస్తున్నాడు. కానీ ఏడాదిపాటు ఇష్టం లేనివన్నీ మింగిన గొంతు అది. ఇంకొకటి మింగడానికి ఒప్పుకోలేదు.

“అవును,” అంది. “నాకూ భయమే.”

ఆయన ముఖం తిప్పుకోలేదు. కళ్ళనుంచి నీళ్ళు జారి మీసాల్లోకి దిగాయి. తుడుచుకోలేదు. హౌసాను దహనం చేసిన రోజున కూడా ఆయన కంట నీరు చూడని సానిక ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడింది. దగ్గరికి వెళ్ళలేదు, దూరం జరగలేదు.

“ఆకలితో ఓడిపోయాను పిల్లా,” అన్నాడు. “నీకు ఆ గతి పట్టకూడదనుకున్నాను. అంతే.”

“తెలుసు ఆబా. అమ్మకీ తెలుసు. అందుకే చెప్పలేకపోయింది.”

పదింటికి బేరగాడు వచ్చాడు. జోతిరామ్ వాకిట్లోనే ఎదురెళ్ళి, అమ్మడం లేదన్నాడు. రాత్రి ఒక మాట, పొద్దున ఒక మాటా పహిల్వాన్, మాటకైనా పట్టుండొద్దా అని వాడు వెటకారం చేశాడు. గేదెలో తప్పు లేదు, నాలోనే ఉంది, ఇక వెళ్ళు, అన్నాడు జోతిరామ్. ఆ రోజంతా కొట్టంలోనే గడిపాడు. చంద్రి డొక్కలు తోమాడు, నీళ్ళు పట్టాడు, దాంతో ఏదో మాట్లాడాడు. సాయంత్రం పిండిన పాలు మొత్తం సంఘానికి వెళ్ళాయి. చీటీ తీసుకుని చూసుకోకుండానే జేబులో పెట్టుకున్నాడట.

సోమవారం సానిక పరుగు ముగించుకుని ఇంటికొచ్చేసరికి వంటింట్లో పొగ. జోతిరామ్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని జొన్నరొట్టె తడుతున్నాడు. పిండి మోచేతులదాకా అంటుకుంది. అరచేతుల మధ్య రొట్టె చిరిగిపోతే మళ్ళీ ముద్ద చేసి మళ్ళీ తడుతున్నాడు. వేడినీళ్ళతో కలపాలని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. పెనం మీదున్నది ఒకపక్క మాడింది. పక్కన గిన్నెలో రాగి అంబలి ఉంది. ఉండలు కట్టి ఉంది.

కూతుర్ని చూసి కంచం తీశాడు. రొట్టె వేశాడు. అంబలి పోయబోయి, గరిటె గాలిలోనే ఆపేశాడు.

“ఎంత పొయ్యమంటావు?” అన్నాడు.

సానిక ఒంట్లో పరుగు వేడి ఇంకా తగ్గలేదు. పొట్ట ఏమంటుందో తెలియాలంటే కాసేపు ఊరుకోవాలి. అలా ఊరుకుని ఏడాది దాటింది. నడుం మీద చేతులుంచుకుని నిలబడింది. ఆయన గరిటె దించలేదు, తొందరపెట్టలేదు.

“ఇంకా ఆకలి కాలేదు ఆబా,” అంది.

ఎంపికలకు వారమే ఉంది. ఆయన దవడ కదిలింది. నోటిదాకా వచ్చిన మాటేదో ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దాన్ని అక్కడే ఆపేసుకున్నాడు. గరిటె గిన్నెలో పెట్టి, మూత వేశాడు.

“సరే,” అన్నాడు. “అయినప్పుడు చెప్పు.”