వల లాగే వేళ దండోరా

"ఆ ముగ్గు మీద నుంచి కాలు తీయండి," అన్నాడు యెహోషువ.

ఆమె తీయలేదు సరికదా, రెండో కాలు కూడా పెట్టి చిన్నగా రుద్దింది. పొద్దుటినుంచి ఎండలో నిలబడి పోయించిన సున్నపు గీత ఇసుకలో కలిసిపోయింది.

జువ్వలదిన్నెకు దిగువన ఉన్న దిబ్బపాళెం అది. చేపలు పట్టేవాళ్ళ ఊరు. పోయిన ఏటి గాలివానకు గుడిసెలన్నీ ఎగిరిపోతే తాటాకుతో మళ్ళీ వేసుకున్నారు. వాళ్ళకు సర్కారు పక్కా ఇళ్ళు మంజూరు చేసింది. ప్లాను ప్రకారం ముగ్గు పోయించే పని సమితి ఓవర్సీరు యెహోషువది. ఉద్యోగం కొత్త, ఇంకా పర్మనెంటు కాలేదు. అందుకే గొంతు కాస్త పెద్దది చేశాడు.

"ఇది సర్కారు ప్లాను. చెరిపితే కేసవుతుంది."

"పెట్టుకోండి. పేరు రాసుకోండి, ప్రేమలీల. ఇక్కడ గ్రామసేవికని. మాది నెల్లూరు. సమాధానం మేష్టారి కూతుర్ని."

యెహోషువ చేతిలోని టేపు జారిపోయింది. సమాధానం మేష్టారి కూతురంటే చర్చి అయ్యగారు తెచ్చిన సంబంధం. గురువారం అమ్మతో కలిసి చూడబోవలసిన పిల్ల. ఫోటోలో పూలకుండీ పక్కన తల వంచుకుని నిలబడి ఉంది. ఇక్కడేమో కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని దబాయిస్తోంది.

"మీరు..."

"నేనే. దూరం నుంచే గుర్తు పట్టినా. ఫోటోలో కోటేసుకున్నారే, ఎవరిదది?"

"స్టూడియో వాళ్ళది."

"అనుకున్నా. చేతులు పొట్టిగా ఉండాయి."

కూలీలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఈ రోడ్డు దేని మీద పోతుందో చూసినారా? వలలు ఆరేసుకునే మిట్ట ఇది. నూలు వల తడి ఆరకుంటే కుళ్ళిపోద్ది. ఇల్లిచ్చి వల లాక్కుంటే వీళ్ళు ఏం తినాల?"

"ఆ మాట అప్పుడే చెప్పుండాల. చట్టమనేది ఒకటుంది గదా. ప్లాను గీస్తే ఊరికి తెలపాల, అభ్యంతరాలు అడగాల, గడువియ్యాల. అన్నీ చేసినాం. దండోరా వెనక నేనే నడిచినా. ఒక్కరూ నోరు తెరవలా."

"ఏ పొద్దులో వేయించినారు?"

"టిఫిన్ల వేళకి. మా కోవూరులో ఆ పొద్దుకు వేస్తే ఊరంతా వింటది."

"గుడిసెల్లో మనుషులు కనబడినారా?"

"తడికెలు మూసుండాయి. లోపలుండి వింటున్నారనుకున్నా."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"లోపల పిల్లి కూడా ఉండదండీ. ఆ వేళకు ఒడ్డు వల లాగుతారు. ముసలీ ముతకా, చంటిబిడ్డల తల్లులు, అందరూ నీళ్ళకాడ తాడు పట్టుకోనుంటారు. ఆ హోరులో పక్కమనిషి మాటే వినబడదు. మీ డప్పు ఎవరికి వినబడింది?"

యెహోషువ జారిన టేపు తీసుకుని చుట్టసాగాడు. ఊరికి తెలిపినట్టు రాసి సంతకం పెట్టింది తానే. శనివారం ఇంజనీరు గారు వస్తారు, మీటింగులో ప్లాను ఖాయమవుతుంది. ఆయన సంతకంతోనే తన ఉద్యోగమూ ఖాయం కావాలి. ఇప్పుడు దండోరా చెల్లదంటే అంతా మొదటికొస్తుంది.

గురువారం నెల్లూరులో జోరున వాన. సమాధానం మేష్టారి ఇంట్లో ఉప్మా, మర్యాదలు, నవ్వులు. చాప మీద తల వంచుకుని కూర్చున్న ప్రేమలీలను చూస్తే, సున్నం చెరిపిన మనిషి ఈమేనా అని అనుమానం వచ్చేట్టుంది. తలెత్తి ఒక్కసారి చూసింది. ఈమేనని అప్పుడు తెలిసిపోయింది.

"దాపరికం ఎందుకు గానీ," అన్నారు మేష్టారు, "టెంపరరీ ఉద్యోగానికి పిల్లనిచ్చే ధైర్యం నాకు లేదు. మా పెద్దపిల్ల విషయంలో ఒకసారి దెబ్బతిన్నాం, ఈసారి అన్నీ చూసుకోవాల. శనివారంతో పర్మనెంటు అవుతుందని అయ్యగారు చెప్పినారు. అది కానీండి, తేదీ అనుకుందాం."

యెహోషువ అమ్మ సంతోషంగా తలూపింది. యెహోషువ ఉప్మా ప్లేటు పక్కన పెట్టేశాడు.

బయల్దేరి వాకిట్లోకి వచ్చాక ప్రేమలీల వెనకాలే వచ్చింది, చేతిలో అతని గొడుగుతో.

"మరిచిపోయినారు."

"థాంక్స్."

"శనివారం మీరేం మాట్లాడొద్దు," అంది చప్పున, వానలోకి చూస్తూ.

"మొన్న ముగ్గు చెరిపింది మీరే గదా?"

"మొన్న మీరు ఓవర్సీరు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు గొడుగు మరిచిపోయే మనిషి. ఏమైపోతారోనని నేను దిగులు పడాల్సిన మనిషి." చెంపలు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "పాళెం పెద్దాయన ముత్యాలయ్య చేత అర్జీ పెట్టిస్తా. మీ పేరు రానీను."

"గడువు దాటినాక అర్జీ చెల్లదండీ. దండోరాయే చెల్లలేదని చెప్తే తప్ప."

"అది చెప్పాల్సింది ఎవరు?"

"దాని వెనక నడిచినోడు."

 లోపలి నుంచి పిలుపు వచ్చినా ఆమె కదల్లేదు. అతనే గొడుగు విప్పుకుని వానలోకి దిగాడు. ఆమె మీద ఇష్టం అప్పటికే పీకల దాకా వచ్చేసిందని బస్సెక్కేలోపు అర్థమైంది. ఆమెను పోగొట్టుకోవడానికి రెండు రోజులే ఉన్నాయని కూడా.

శనివారం మీటింగు మెరకన ఉన్న జువ్వలదిన్నె పంచాయతీ ఆఫీసులో పెట్టారు. సర్పంచి రంగనాయకులు గారు ఇంజనీరు గారికి కొబ్బరినీళ్ళు ఇప్పించారు. పాళెం వాళ్ళు ముత్యాలయ్యతో సహా వసారా బయట నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ప్రేమలీల గుమ్మం దగ్గర నిలబడింది.

ఇంజనీరు గారు కలం తీశారు. "అభ్యంతరాలేమీ రాలేదు గదా?"

"ఒక్కటీ రాలేదు సార్," అన్నారు రంగనాయకులు గారు. "దండోరా మా ఊళ్ళో అందరూ విన్నారు."

యెహోషువ గుమ్మం వైపు చూశాడు. ప్రేమలీల వద్దన్నట్టు తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా అతను లేచాడు.

"సార్, ఈ దండోరా చెల్లదు."

కలం ఆగింది.

"ఏమంటున్నావు?"

"ఇళ్ళు పాళెం వాళ్ళకు సార్. వాళ్ళు వల లాగేటప్పుడు నేను ఖాళీ గుడిసెల ముందు డప్పు కొట్టించినా. వాళ్ళు వినలా. వలలు ఆరేసే మిట్ట మీద రోడ్డు పోతుందని వాళ్ళకు ఎవరూ చెప్పలా."

"అందరికీ తెలిపినట్టు సంతకం పెట్టింది నువ్వేగా?"

"నేనే సార్. అప్పుడు తెలియక పెట్టినా. తెలిసి ఊరుకుంటే అబద్ధమవుతుంది."

ఇంజనీరు గారి ముఖం కందగడ్డ అయింది. బయటకు చూసి, "మళ్ళీ మొదలుపెడితే ఈ వానల్లోపు ఇళ్ళు రావు. మీకు సమ్మతమేనా?" అన్నారు.

ముత్యాలయ్య గడప దగ్గరికొచ్చాడు. "ఇంకో ఏడు తాటాకు కింద ఉంటాం సామీ. మిట్ట మాత్రం ఉండనీండి."

ఇంజనీరు గారు కలం మూత పెట్టేశారు. "సరే. మళ్ళీ వేయించు. ఈసారి ఒడ్డునే, వల లాగినాక. వాళ్ళు చెప్పేది విని ప్లాను మార్చు. నీ పర్మనెంటు మాట మాత్రం వచ్చే ఏడు చూద్దాం."

మర్నాడు సాయంత్రం యెహోషువ ఒక్కడే సమాధానం మేష్టారి ఇంటికి వెళ్ళాడు. కూర్చోకుండానే జరిగింది చెప్పాడు.

"ఉద్యోగం ఖాయం కాలేదని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా అబ్బాయ్?"

"నాకు పర్మనెంటు అవుతుందని మీరు సరేనన్నారు. కాలేదని తెలియాల గదండీ. మీరిప్పుడు వద్దన్నా తప్పులేదు." వెనక్కి తిరగబోయి ఆగాడు. "మీ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆ మాట కూడా చెప్పి పోదామని వచ్చినా."

తలుపు పక్క నుంచి ప్రేమలీల వచ్చి నిలబడింది.

"ఊరుకోమని ఆయన్ను బతిమాలింది నేనే నాన్నా. ఆయన ఊరుకోలా. నా మాట విని ఊరుకోనుంటే పెండ్లి చేసుకోనుండేదాన్నే. అయితే ఆ పాళెంలో మళ్ళీ తలెత్తుకుని తిరగలేకపోయేదాన్ని."

మేష్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడిచారు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. 

"పెద్దల్లుడిది పర్మనెంటు ఉద్యోగమే," అన్నారు చివరికి. "ఒక్కనాడూ నిజం చెప్పి ఎరగడు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "కూర్చో నాయనా. వచ్చే ఆదివారం అయ్యగారి చేత గుళ్ళో పెండ్లి ప్రకటన చదివిద్దాం. మూడు ఆదివారాలు చదవాల. అభ్యంతరముండే వాళ్ళు లేచి చెప్పొచ్చు."

ప్రేమలీల యెహోషువ వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ తండ్రితో అంది.

"జనమంతా వచ్చి కూర్చున్నాకనే చదవమనండి నాన్నా."