సరస్సులో దొరికిన ట్యూబు

టెచిమన్ రోడ్డు పక్కన అంపొన్సా పంక్చర్ షాపంటే ఒక కంప్రెసర్, ఒక నీళ్ల తొట్టి, వాటి మీద ఇంత రేకు నీడ. అంతే. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఎండకి తారు మెత్తబడింది. కంప్రెసర్ మోత, కాలిన రబ్బరు కంపు, పక్కన చేపలు వేయించే ఆవిడ పొయ్యి పొగ. అన్నీ రోజూ ఉండేవే.

ఎదురుగా బావమరిది బాఫో వ్యాను ఒక చక్రం ఊడి జాకీ మీద నిలబడి ఉంది. వెనక సీట్లో అంపొన్సా భార్య అడోమా మూలుగుతోంది. నెలలు నిండాయి, పొద్దుట్నుంచీ నొప్పులు. ఆస్పత్రి చూస్తే ఇరవై మైళ్లు. సంతరోజు కాబట్టి బండ్లన్నీ సరుకుతో నిండిపోయాయి, ఇంకోటి దొరికే ఆశ లేదు.

"ఊరందరి టైర్లూ బాగుచేస్తావు. సొంత పెళ్లాం దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా బావా?" అన్నాడు బాఫో.

"నోర్మూసుకుని ఆ గొట్టం ఇటివ్వు!"

ఆ చక్రానికి వేద్దామని తీసిన పాత ట్యూబులో గాలి కొట్టి తొట్టిలో ముంచడం ఇది మూడోసారి. ఒక్కటంటే ఒక్క బుడగ రాదు. వాల్వు మీద ఉమ్మి రాసి చూశాడు. అక్కడా ఏమీ లేదు. పైకి తీస్తే మాత్రం కాసేపట్లో మెత్తబడి కూలబడుతుంది. చిల్లి లేకుండా గాలి ఎటు పోతోందిరా దేవుడా! పదిహేనేళ్లుగా ఇదే పని, ఇంత వెధవ ట్యూబుని ఎప్పుడూ చూడలేదు. ఒళ్లు మండిపోయి నాలుగోసారి కసిగా కొట్టాడు.

"ఏమయ్యా... ఊపిరాడటం లేదు," అంది అడోమా.

"కిటికీ తీసే ఉంది కదే! కాస్త ఓర్చుకో."

ట్యూబు మళ్లీ మెత్తబడింది. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది.

అంపొన్సా చెయ్యి ఆగిపోయింది. ఇందాకా ఇంతే. అంతకుముందూ ఇంతే. ట్యూబు నిండితే ఆమెకి ఊపిరాడదు.

కంప్రెసర్ ఆపేశాడు. గొట్టం పీకేశాడు. మోత ఆగింది...

నేల మీద ట్యూబు ఉబ్బుతోంది.

తనంతట తానే... నెమ్మదిగా... బిర్రుగా.

వాల్వు ఊడదీశాడు. గాలి బయటికి రాలేదు. వేలు అడ్డంపెడితే, వేలి చర్మాన్ని లోపలికి లాగింది. బిర్రుగా నిండినది ఇంకా పీలుస్తోంది! వ్యానులో అడోమా పెదాలు బూడిదరంగుకి తిరిగాయి.

"ఈ ట్యూబు ఎక్కడిది బావా?" బాఫో గొంతు గుసగుసగా మారింది.

"సరస్సు ఒడ్డున యేజీ ఉంది కదా, అక్కణ్ణించి వచ్చిన చేపలవాడు అమ్మాడు. సరస్సులో తేలుతుంటే తీశాడట."

"మరి దాన్ని పట్టుకుని ఈదిన మనిషెవరో ఉండాలిగా?"

"దొరకలేదన్నాడు..."

చౌకగా వచ్చిందని సంబరపడి కొన్నందుకు తన్ను తాను బండబూతులు తిట్టుకున్నాడు అంపొన్సా. కత్తి తీసి, వ్యాను కిటికీ పక్కనే ట్యూబుని నిలువునా కోశాడు.

నడివీధిలో వదిలిన గాలి నాలుగువైపులా చెదిరిపోవాలి. ఇది చెదరలేదు. చల్లగా, బురద వాసనతో, తిన్నగా కిటికీలోకి వెళ్లింది. అడోమా నోరు తెరిచి గటగటా పీల్చేసింది.

"హమ్మయ్య," అంది. "ఇప్పుడు హాయిగా ఉంది."

ఇంకెవరో ముందే డబ్బిచ్చి ఉంచమన్న ట్యూబుని ఇక తప్పక తీసి చక్రానికి ఎక్కించాడు. అది బుద్ధిగా నిండింది. బాఫో వ్యానుని ఒక్క ఉరుకున పరిగెత్తించాడు. దారంతా అడోమా నొప్పులు పడుతూనే తమ్ముణ్ణి తిట్టింది. ఆ తిట్లు వింటుంటే అంపొన్సా ప్రాణం కుదుటపడింది.

సాయంత్రం వార్డు తలుపు దగ్గరికి నర్సు వచ్చింది.

"ఆడపిల్లయ్యా. తల్లి బాగానే ఉంది."

"మరి బిడ్డ ఏడుపు వినపడలేదేం?"

"ఏడవలేదు." నర్సు వెనక్కోసారి చూసి గొంతు తగ్గించింది. "ఊపిరి పీలుస్తోంది. పుట్టినప్పట్నుంచీ పీలుస్తూనే ఉంది. వదలడం మాత్రం... మాలో ఎవరమూ ఇంకా చూడలేదు. చుట్టిన గుడ్డ బిగుసుకుపోతుంటే ఇప్పటికి రెండుసార్లు వదులు చేశాం."