కొక్కేనికి ఎర్ర చున్నీ

గురజాల దాటి పాత సున్నపురాయి క్వారీకి పొమ్మంటే, ఏ ఆటోవాడైనా గేటు దగ్గరే ఆపేస్తాడు. లోపలికి రాడు. ఎందుకని అడిగితే, "అక్కడ లారీ ఉందమ్మా" అంటాడు. లారీ ఉంటే ఏందో మాత్రం చెప్పడు.

లారీ ఉన్నమాట నిజమే. రాయి తవ్విన గొయ్యి అంచున, కిందికి దిగే బాట మొదట్లో... నలభై రెండేళ్లుగా అక్కడే ఉంది. టైర్లు నేలలో కూరుకుపోయాయి. పాత ఇనుము కొనేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఆ లారీని ఫోటో తీయాలనే ప్రసన్న పుణె నుంచి వచ్చింది. పాడుబడ్డ బండ్ల మీద ఏదో ప్రదర్శన. ఆ రాత్రి ఎనిమిదిలోపు ఫోటో పంపాలి. తొమ్మిదేళ్ల కూతురు చందనను వెంట తెచ్చుకుంది. బడి బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆరుసార్లు ఫోన్ చేసే మనిషి... పిల్లను ఒకరింట్లో వదిలొస్తుందా?

వాచ్‌మన్ అంతోనిది రెంటచింతల. మెళ్లో శిలువ, భుజాన తువ్వాలు. లారీ పక్క చెక్కకు వరుసగా ఉన్న, తాళ్లు కట్టే కొక్కేలను చందనకు చూపించాడు.

"గోతిలోకి దిగేవోడు తన తువ్వాలు దీనికి తగిలించి దిగాల పాపా. పైకొచ్చినాక ఎవరిది వాళ్లే తీసుకోవాల. కొక్కేలన్నీ ఖాళీ అయితేనే మేస్త్రీ మూడు విజిల్లేసి రాయికి పెట్టిన తూటాలు పేల్చేది. అప్పుడు నేను ఈ లారీకే క్లీనర్ని."

"వేరేవాళ్లది తీసేస్తే తాతా?"

అంతోని గోతి వైపు చూశాడు.

"తీశారు. పున్నయ్యని ఒక కూలీది... ఎవరో తీశారు. ఎవరో ఇప్పటికీ తెలవదు. అతను కిందే ఉన్నాడు. మేస్త్రీ కొక్కేలు చూసి మూడో విజిలేశాడు."

"బాబాయ్! పిల్ల ముందర ఏంది ఈ మాటలు?" అంది ప్రసన్న.

చందన అప్పటికే తన ఎర్ర చున్నీ తీసి చివరి కొక్కేనికి తగిలించేసింది. "నేనూ దిగుతున్నా!"

"దిగితే కాళ్లు విరగ్గొడతా. ఇటు రా!"

వెలుతురు పోతోంది. ప్రసన్న గబగబా ఫోటోలు తీసి, పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చింది. చున్నీ అక్కడే ఉండిపోయింది.

చీకటి పడింది. అంతోని గదిలో ల్యాప్‌టాప్ తెరిచింది ప్రసన్న. గది బయట మంచం మీద చందన కాళ్లూపుతూ కూర్చుంది. అంతోని పొయ్యి దగ్గర టీ కాస్తున్నాడు.

ఫోటో బాగా వచ్చింది. తుప్పు రంగు, పగిలిన అద్దం, వెనక నల్లగా గొయ్యి... ఓ మూల ఎర్ర చున్నీ.

పిల్ల వస్తువేదీ నెట్‌లో కనపడకూడదని ఆమె నియమం. ఉన్నదాన్ని లేదని చూపించడం తప్పేమోనని ఓ క్షణం ఆగింది. అయినా పిల్లకన్నా ఎక్కువా? తెర మీది చున్నీని చెరిపే టూల్‌తో రెండుసార్లు రుద్దింది.

చెరిగిపోయింది.

బయట ఎక్కడో... విజిల్.

అంతోని చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఎవరు బాబాయ్?"

"ఇక్కడ విజిలేసేవోడు... ఎవడున్నాడమ్మా?"

ప్రసన్న బయటికి చూసింది. మంచం ఖాళీ. కింద చెప్పుల్లేవు.

"చందనా!"

"చున్నీ మర్చిపోయానంది," అంతోని గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఎవరిది వాళ్లే తీసుకోవాలన్నావు గదా తాతా అంది. రేపు తీసుకుందువులే అన్నా..."

రెండో విజిల్.

ప్రసన్న చూపు తెర మీద పడింది. అన్ని కొక్కేలూ ఖాళీ! ఒక్కటీ మిగలకుండా ఖాళీ.

ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. చెరిపినదాన్ని వెనక్కి తెచ్చింది. ఎర్రగా... చున్నీ మళ్లీ వచ్చి కొక్కేనికి వేలాడింది.

మూడో విజిల్ రాలేదు.

ఇద్దరూ పరుగెత్తారు. టార్చి వెలుగులో ముందు లారీ కనిపించింది. చివరి కొక్కేనికి చున్నీ అలాగే ఉంది. దాని పక్కన, కిందికి దిగే బాటలోంచి ఒంటి నిండా సున్నపు దుమ్ముతో చందన పైకి వస్తోంది.

ప్రసన్న పిల్లను వాటేసుకుంది. ఒళ్లంతా తడిమి చూసింది. దెబ్బల్లేవు.

"ఎందుకు దిగావే! చున్నీ పైనేగా ఉంది?"

"కింద నుంచి ఒకాయన పిలిచాడమ్మా. వెళ్లేసరికి... రెండుసార్లు విజిల్ మోగింది. ఆయన నా మీద వంగి, కదలొద్దు అన్నాడు. కాసేపాగి, ఇంకేం భయం లేదు, నీది కనపడింది, పైకి పో అన్నాడు."

"పద. చున్నీ తీసుకో, పోదాం."

చందన తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. ఆయన ఇంకా పైకి రాలేదు. నాది తీసేస్తే ఆయనకంటూ ఏమీ ఉండదు. ఆయన తువ్వాలు ఎవరో లారీ అద్దం తుడవడానికి తీసుకెళ్లారంట. తిరిగి పెట్టడం మర్చిపోయారంట."

టార్చి వెలుగు లారీ ముందు భాగం మీదికి జరిగింది. ప్రసన్న తిరిగి చూసింది. అంతోని పగిలిన అద్దం వైపే చూస్తున్నాడు.

"అప్పుడు పదిహేడేళ్లోణ్ణి తల్లీ..." అన్నాడు, ఎవరితోనో.

భుజం మీది తువ్వాలు తీశాడు. మడత విప్పి, చున్నీ పక్క కొక్కేనికి జాగ్రత్తగా తగిలించాడు.

"నేనొచ్చిందాకా దీన్ని ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దమ్మా."

"బాబాయ్, వద్దు..."

వినలేదు. బాట దిగిపోయాడు. టార్చి వెలుగు మలుపు తిరిగి మాయమైంది. ప్రసన్న ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో ఆ తువ్వాలును గట్టిగా పట్టుకుని నిలబడింది.

కాసేపటికి గోతిలోంచి మాటలు వినిపించాయి. మెల్లగా... ఎన్నాళ్లకో కలుసుకున్నట్టు.

ఇద్దరివి.